మా మామ రేడియో ఆయన్ని సాగనంపిన రోజు

సంచీ నేనే సర్దాను. తెల్ల జుబ్బా, ఉతికిన లుంగీ, తువ్వాలు, దారిలో తినడానికి జొన్నరొట్టెలు, విస్తరాకులో చుట్టిన గోంగూర పచ్చడి. పచ్చడి కారితే జుబ్బా పాడవుతుందని తీసి తువ్వాల్లో చుట్టాను. తువ్వాలు పాడైతే మామ మొహం దేనితో తుడుచుకుంటాడని మళ్ళీ తీశాను. మా అత్త మాబూబీ గడప పక్కన కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ నా వంకే చూస్తోంది.

"ఎన్నిసార్లు సర్దుతావే జైతూ ఆ సంచీ? వెళ్ళేది బెజవాడేగా, మక్కా కాదుగా!"

"బెజవాడైనా రెండు బళ్ళు మారాలి కదత్తా."

"పక్కన మీ ఆయన ఉంటాడుగా. ఇద్దరు మగాళ్ళు కలిసి ఒక సంచీ మోయలేరా?"

సంచీ సంగతి కాదు నా భయం. ఇంట్లోంచి ఎవరు గడప దాటినా నాకు గుండె దడ. అప్పుడూ అంతే, ఈ వయసులోనూ అంతే.

అది అరవై రెండో సంవత్సరం డిసెంబరు. మా మామ బుడే సాయిబు బెజవాడ రేడియోలో మాట్లాడటానికి వెళ్తున్నాడు. మేము దూదేకులవాళ్ళం. పిడుగురాళ్ళకి పక్కన మా ఊరు. సున్నపు బట్టీల పొగ మా పెరట్లోకి కనిపిస్తుంది. గింజ తీసిన పత్తిని విల్లుతో ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి ఇవ్వడం మా పని. విల్లంటే బాణాలు వేసేది కాదు. మనిషంత పొడుగు కొయ్యకి నరం తాడు బిగించి ఉంటుంది. దాన్ని కొయ్యగూటంతో కొడితే ఆ అదురుకి దూది విచ్చుకుని గాల్లోకి లేస్తుంది. ఒక్కో విల్లుది ఒక్కో మోత. మా మామ విల్లు మోత రెండు వీధుల అవతలికి వినిపించేది.

ఆ మోత వినే జయరావు గారు మా వసారా ముందు ఆగారు. ఆయన మా ఊరి మిషన్ బడి పంతులు జక్రయ్య మాస్టారికి బావమరిది. బెజవాడ రేడియోలో పల్లెటూళ్ళ కార్యక్రమం ఆయనే నడిపేవారు. ఊళ్ళవాళ్ళని పిలిచి కూర్చోబెట్టి, ఆయన అడుగుతుంటే వాళ్ళు చెప్పడం. అక్కగారింటికి వచ్చిన మనిషి, చేతిలో టిఫిను గిన్నె పట్టుకుని, మామ పని పూర్తయ్యేదాకా ఎండలోనే నిలబడ్డారు.

"బుడే సాయిబు గారూ, మీరొకసారి మా రేడియోకి రావాలండీ."

"నేనా? నేనేం మాట్లాడతా? కావాలంటే విల్లు తీసుకెళ్ళు, అది మాట్లాడుద్ది."

"విల్లుతో పాటు మీరూ రండి."

"కుదరదు. చలి మొదలైంది, పరుపులవాళ్ళు ప్రాణాలు తీస్తన్నారు. నువ్వు ముందు నీడకొచ్చి కూర్చో. అమ్మాయ్, మజ్జిగియ్యి."

మా మామ మాటలన్నీ ఇంతే. కూర్చో, లే, తిను, ఇటు పట్టు, అవతల పెట్టు. నేను కాపురానికి వచ్చి అన్నేళ్ళయినా ఆయన నోట ఒక ప్రశ్న విన్న గుర్తు లేదు. బాగున్నావా అని అడగడు. కూర్చో అంటాడు, అంతే. బాగున్నావా అనుకోవాలి మనం.

అలాంటి మనిషి మజ్జిగ తాగుతున్న జయరావు గారిని ఉన్నట్టుండి అడిగాడు. "మిల్లుల్లో పనిచేసేవాళ్ళు వింటారా అది?"

"మిల్లు దగ్గర టీకొట్టు ఉంటే రేడియో ఉన్నట్టే కదండీ. సాయంత్రం పని దిగాక అక్కడే చేరతారు."

మామ కాసేపు విల్లు తాడు సవరించుకుంటూ కూర్చున్నాడు. "వస్తా," అన్నాడు.

లోపల తొడిమలు తీస్తున్న మా అత్త చెయ్యి ఆగింది. నా చెయ్యీ ఆగింది. ఆ మాట ఎందుకు అడిగాడో మా ఇద్దరికీ తెలుసు.

నా మరిది హయాత్ ఇల్లు విడిచి వెళ్ళి అప్పటికి ఏడాది దాటింది. చెయ్యి చాలా మెత్తన పిల్లాడికి. వాడు ఏకితే దూదిలో నలక మిగిలేది కాదు. కానీ వాడికి మిల్లు మీద మనసు. ఊరూరా విల్లు భుజాన వేసుకుని తిరిగే రోజులు అయిపోయాయనీ, మిషను ఒక గంటలో చేసేది మనం వారం చేస్తున్నామనీ అనేవాడు. మామకి అది విల్లుని తిట్టినట్టు ఉండేది. ఒకరోజు మాటా మాటా పెరిగి హయాత్ బట్టలు సంచీలో కుక్కుకున్నాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వెళ్ళేవాళ్ళు "వెళ్ళొస్తా" అనాలి. ఇంట్లో పెద్దవాళ్ళు "వెళ్ళి రా" అనాలి. ఆ మాట వినకుండా గడప దాటరు. పక్క ఊరి సంతకి వెళ్ళినా అంతే. ఎంత కోపంలో ఉన్నా హయాత్ ఆ పద్ధతి తప్పలేదు. గడప దగ్గర ఆగి "వెళ్ళొస్తా నాయనా" అన్నాడు. మామ గోడవైపు తిరిగి "పో" అన్నాడు.

వాడు సంచీ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, రెండో మాట వస్తుందేమోనని. రాలేదు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన అల్లాబక్షు గుంటూరు మిల్లులన్నీ వెతికి వచ్చాడు. ఆదోని వైపు వెళ్ళాడని ఒకరు, కాదు బళ్ళారి అని ఒకరు చెప్పారు. ఆ రోజు నుంచి మా అత్త మామతో మాట్లాడటం మానేసింది. ఏం చెప్పాలన్నా నా మీదుగానే. "మీ మామని అన్నానికి లేవమను." "మీ మామకి చెప్పు, నూనె అయిపోయిందని." ఆయన అక్కడే నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉండేవాడు. నేను మళ్ళీ చెప్పేదాన్ని. ఆయన అప్పుడే విన్నట్టు తల ఊపేవాడు. వాళ్ళిద్దరి మధ్య నేను టెలిఫోను తీగలాగా అయిపోయాను.

రేడియోలో ఏం మాట్లాడాలో ముందే రాసుకోవాలట. జయరావు గారు మామ చెప్పినవన్నీ విని, ప్రశ్నలూ జవాబులూ కాగితాల మీద రాసి తెచ్చారు. చదవడం ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. బడికి వెళ్ళి కాదు, కొట్టువాడు బెల్లం పొట్లాలు కట్టిన కాగితాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అందుకని జయరావు గారి వేషం నాకు పడింది. నేను అడగాలి, మామ చెప్పాలి.

"బుడే సాయిబు గారూ, మీరు ఎన్నేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నారండీ?"

"నీకు తెలీదా?"

"నేను కాదు మామా, జయరావు గారు అడుగుతారు."

"ఆయనకీ తెలుసుగా. మొన్న చెప్పాగా, రాసుకున్నాడుగా. తెలిసింది మళ్ళీ అడగడమేంది?"

"వినేవాళ్ళకి తెలియదు కదా మామా."

"అయితే వాళ్ళని అడగమను."

మా ఆయన వసారాలో పరుపు కుడుతూ పగలబడి నవ్వాడు. మామ కసిరాడు. "నవ్వకు. కుట్టు చూసుకో."

జయరావు గారే వచ్చి విడమరిచి చెప్పారు. "ఇక్కడ మీరు ఇంటాయన, నేను చుట్టాన్ని. అక్కడ నేను ఇంటివాణ్ణి, మీరు చుట్టం. నేను అడుగుతాను, మీరు చెప్తారు. నాకు తెలిసినా తెలియనట్టు అడుగుతాను. మీరూ మొదటిసారి చెబుతున్నట్టు చెప్పాలి."

"చుట్టాన్ని పట్టుకుని ఇన్ని ప్రశ్నలా? మేమైతే ముందు మంచినీళ్ళిస్తాం."

"అక్కడ నీళ్ళూ ఇస్తామండీ!"

మామ కాగితాలు నా చేతిలోంచి తీసుకుని, చదవడం రాకపోయినా ఆఖరి కాగితం తిప్పి చూశాడు. "చివర్లో నా మాటొకటి చెప్పుకోవచ్చా?"

జయరావు గారి ముఖం మారింది. హయాత్ సంగతి మాస్టారు చెప్పే ఉంటారు. "సొంత కబుర్లు చెప్పకూడదండీ. ఒకరికి ఒప్పుకుంటే రేపు వెయ్యిమంది వస్తారు, ఎవరిని కాదంటాం? నేను అడిగినదానికి మీరు చెప్పడమే. చివర్లో నేను 'చాలా సంతోషం, వెళ్ళి రండి' అంటాను. మీరు 'వెళ్ళొస్తానండీ' అంటారు. అంతటితో అయిపోతుంది."

మామ కాగితాలు నాకు తిరిగి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం విల్లు ముట్టుకోలేదు. ఇక వెళ్ళడేమో అనుకున్నాను. పొద్దున్నే లేచి "అమ్మాయ్, ఆ ఆఖరిది మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. ఆ రోజు మొదలు ఎప్పుడు కూర్చున్నా ఆఖరి కాగితమే చదివించుకునేవాడు. నేను "వెళ్ళి రండి" అనేదాన్ని. ఆయన జవాబు చెప్పేవాడు కాదు. పెదవులు కదిలించి ఊరుకునేవాడు. అక్కడికి వెళ్ళాక ఈయన నోరు తెరవకపోతే ఎలాగని నాకు నిద్ర పట్టేది కాదు.

ప్రయాణం రోజు మా ఆయన సంచీ పట్టుకున్నాడు, మామ విల్లు భుజాన వేసుకున్నాడు. బస్సు తలుపుకి తగిలి తాడు తెగుతుందేమోనని దానికి పాత చీర చుట్టాను. గడప దగ్గర ఆగి మామ ఎవరినీ చూడకుండా "వెళ్ళొస్తా" అన్నాడు.

మా అత్త మిరపకాయల చేటలోంచి తల ఎత్తలేదు. "జైతూ, మీ మామని వెళ్ళి రమ్మను."

"వెళ్ళి రమ్మంటోంది మామా."

"విన్నాలే," అని గడప దాటాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. విల్లు కొస కనిపించకుండా పోయాక లోపలికి వచ్చాను.

మర్నాడు సాయంత్రం ఊరంతా పంచాయతీ ఆఫీసు దగ్గర చేరింది. రేడియో లోపల, మైకు కొమ్ము బయట చూరుకి. అప్పట్లో అక్కడ మాట్లాడుతుంటే ఇక్కడ అప్పుడే వినిపించేది. జక్రయ్య మాస్టారు బుడిపె తిప్పుతుంటే కాసేపు గరగర, తరువాత సన్నాయి, తరువాత జయరావు గారి గొంతు. మా అత్త రానంటూనే నాకన్నా ముందే వచ్చి ఆడవాళ్ళ వెనక కూర్చుంది.

మొదట విల్లు మోగింది. టంయ్, టంయ్, టంయ్. మా వసారాలో రోజూ వినే మోతే, కొమ్ములోంచి వస్తోంది.

"నమస్కారం బుడే సాయిబు గారూ. రండి, కూర్చోండి."

"సలాం. నువ్వు కూర్చో."

ఊరు గొల్లుమంది. "ఒరేయ్, అక్కడా అదే వరసరా సాయిబుది!"

జయరావు గారు తడబడలేదు. "కూర్చున్నానండీ," అన్నారు నవ్వుతూ. "ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారు ఈ పని?"

నేను పంటి కింద చీర కొంగు పెట్టుకున్నాను. నీకు తెలీదా అంటాడేమోనని. కానీ మామ చెప్పాడు. తండ్రి దగ్గర నేర్చుకున్నది, తాడు ఎలా బిగించాలో, పత్తి తడిగా ఉంటే విల్లు ఎలా మూగబోతుందో, అన్నీ చెప్పాడు. కాగితంలో ఉన్నదానికన్నా బాగా చెప్పాడు. మధ్య మధ్య "ఇటు చూడు", "ఇది పట్టుకో" అని జయరావు గారికి పనులు పురమాయిస్తూనే ఉన్నాడు. ఆయన "పట్టుకున్నానండీ", "అబ్బ, బరువే" అంటూ వినేవాళ్ళకి అన్నీ కనిపించేటట్టు చేస్తున్నారు.

"మీ పిల్లలకీ నేర్పారా ఈ పని?"

కాగితంలో దీనికి జవాబు, పెద్దబ్బాయి చేస్తున్నాడండీ అని. నాకు కంఠతా వచ్చు.

"ఇద్దరికీ నేర్పా. చిన్నోడి చెయ్యి మెత్తన," అన్నాడు మామ.

కాగితంలో తరువాతి ప్రశ్న పెళ్ళి పరుపుల గురించి. జయరావు గారు అది అడగలేదు. అడగకుండా కాసేపు ఆగారు. రేడియోలో ఆ కాస్త నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో అప్పుడే తెలిసింది. తరువాత కాగితంలో లేనిది అడిగారు, మెల్లగా.

"చిన్నబ్బాయి ఇప్పుడేం చేస్తున్నారండీ?"

"మిల్లులో."

"మిల్లు పనీ దూది పనే కదండీ."

నా పక్కన ఎవరో దగ్గబోతే మా అత్త చెయ్యి ఎత్తి ఆపింది.

"దూది పనే," అన్నాడు మామ. "తప్పేం లేదు."

ఆ తరువాత పరుపుల గురించి ఏవో రెండు మాటలు నడిచాయి. నేను సరిగా వినలేదు. ఆఖరి కాగితం దగ్గరపడుతోంది.

"చాలా సంతోషం బుడే సాయిబు గారూ. మా కోసం ఇంత దూరం వచ్చారు. మంచిది, వెళ్ళి రండి."

ఇన్నాళ్ళూ నా ముందు ఊరుకున్నట్టే అక్కడా ఊరుకున్నాడు అనుకున్నాను. అప్పుడు వచ్చింది ఆయన గొంతు, మామూలుగా కాదు, కొంచెం మెత్తబడి.

"వెళ్ళి రా నాయనా. జాగర్తగా వెళ్ళి రా."

పంచాయతీ ఆఫీసు ముందు నవ్వులే నవ్వులు. "ఓరి నీ, రేడియో ఆయన్నే సాగనంపుతున్నాడ్రా!" "ఆయన కుర్చీలోంచి ఆయన్నే లేపేశాడు సాయిబు!" మాస్టారు కూడా నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రేడియోలో జయరావు గారు మాత్రం నవ్వలేదు. సరిదిద్దనూ లేదు. "అలాగేనండీ. తప్పకుండా వెళ్ళొస్తాను," అన్నారు. చుట్టంగా వచ్చిన మనిషికి ఇంటివాడి పెద్దరికం ఇచ్చేసి, తనే వెళ్ళే చుట్టం అయ్యారు. తరువాత సన్నాయి మోగింది.

నేను వెనక్కి తిరిగి చూశాను. మా అత్త లేచి చీర దులుపుకుని ఇంటివైపు నడిచి వెళ్తోంది. ఎవరు పలకరించినా ఆగలేదు.

మరుసటి రోజు మామ ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. సంచీ నేను అందుకున్నాను. పచ్చడి కారి జుబ్బా అంచు ఎర్రగా అయింది. విల్లు మూలకి చేర్చి మామ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఊరివాళ్ళు దారి పొడుగునా వేళాకోళం చేసి ఉంటారు. మొహం ముడుచుకుని ఉన్నాడు. నేను మా అత్త వంక చూశాను, ఏం చెప్పమంటుందోనని.

ఆమె నన్ను చూడలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"కాళ్ళు కడుక్కో. అన్నం పెడతా."

మామ తల ఎత్తి చూశాడు. నా వైపు తిరిగాడు, నేను మళ్ళీ చెప్తానేమోనని. నేను ఊరుకున్నాను. నాకు ఇక ఆ పని లేదు. ఆయన లేచి కాళ్ళు కడుక్కున్నాడు.

కొత్త మిరపకాయలు కల్లాల్లో పరిచి, ఊరంతా తుమ్ములే తుమ్ములుగా ఉన్న రోజుల్లో హయాత్ వచ్చాడు. మధ్యాహ్నం. గడప బయటే నిలబడ్డాడు సంచీతో. మనిషి చిక్కాడు, మీసం పెరిగింది. మామ విల్లు ఆపాడు. దూది మెల్లగా కిందికి దిగుతోంది. నేను లోపలున్న అత్తని చెయ్యి ఊపి పిలిచాను.

"తిన్నావా?" అన్నాడు మామ.

కూర్చో అనలేదు. లోపలికి రా అనలేదు. అడిగాడు. హయాత్ అడ్డంగా తల ఊపి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

అన్నం తింటూ చెప్పాడు. ఆదోనిలో మిల్లు పని దిగి టీకొట్టు దగ్గర నిలబడ్డాడట. రేడియోలో సగం గరగరే. విల్లు మోత మాత్రం తెలిసిపోయిందట. "మన తాడేనని నవ్వుకున్నా. ఇంతలో నాయన గొంతు. గ్లాసు పక్కన పెట్టేశా."

"అది నీకు చెప్పింది కాదు," అన్నాడు మామ గోడవైపు చూస్తూ. "జయరావు గారికి చెప్పా."

"ఆయన ఎక్కడికీ వెళ్ళట్లేదుగా నాయనా."

"నోరు మూసుకుని తిను," అంది మా అత్త. ఇద్దరిలో ఎవరిని అందో తెలియలేదు. ఇద్దరూ తిన్నారు.

హయాత్ కొన్నాళ్ళు ఉన్నాడు. పొద్దున్నే తండ్రీ కొడుకులు వంతులవారీగా విల్లు పట్టేవాళ్ళు. సెలవు అయిపోయాక వెళ్ళాలన్నాడు. ఎవరూ వద్దనలేదు. సంచీ నేనే సర్దాను. ఈసారి పచ్చడి సీసాలో పెట్టి, మూతకి గుడ్డ కట్టి, పైన దారం చుట్టాను. వాడికి మామ కొత్త దిండు కుట్టి ఇచ్చాడు. గడప దగ్గర వాడు ఆగి "వెళ్ళొస్తా నాయనా" అన్నాడు. మామ విల్లు దించి, లేచి నిలబడి, వాడి మొహంలోకి చూస్తూ "వెళ్ళి రా" అన్నాడు. మా అత్త అంది, మా ఆయన అన్నాడు, నేనూ అన్నాను. ఏ మాటా తక్కువ కాలేదు. వాడు మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

రంజానుకి వస్తానన్నాడు. రాకపోతే మా ఆయన ఆదోని వెళ్ళాడు. ఇంకా పెద్ద మిల్లు ఉందని ఎవరితోనో కలిసి బొంబాయి వైపు వెళ్ళాడన్నారు, అంతకు మించి ఎవరికీ తెలియదు. మా అత్త ఈసారి మామని ఒక్క మాట అనలేదు. రంజాను రోజు సేమియా వండి ఆయన పక్కనే కూర్చుని తిన్నది. కన్ను మూసేదాకా వాళ్ళు నా అవసరం లేకుండా మాట్లాడుకున్నారు.

నా మరిది హయాత్ పందొమ్మిది వందల అరవై మూడు మార్చిలో పిడుగురాళ్ళ స్టేషన్లో గుంటూరు బండి ఎక్కాడు. మళ్ళీ ఇంటికి రాలేదు.